ఐదో రోజు, పది నలభై

"మళ్ళీ నేనేనా పడింది?"

"నువ్వే."

"ఎక్కడ?"

"అక్కడే. వాగు మీద చెక్క వంతెన. ఐదో రోజు, ఉదయం పది నలభైకి."

మంచం నిండా కాగితాలు పరుచుకుని ముందు గదిలో ఎదురుబొదురుగా కూర్చున్నారు బావా బావమరుదులు. బావది ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం, ఎక్కడ ప్రమాదం జరిగితే అక్కడికెళ్ళి రిపోర్టు రాసుకొస్తాడు. బావమరిదిది కళ్ళజోళ్ళ దుకాణం. మూలన మిషను మీద కర్టెన్లు కుడుతున్నావిడ ఒకరికి భార్య, మరొకరికి అక్క. మధ్యాహ్నం మూడు దాటింది. హిమాలయాల్లో ఎక్కడో మారుమూల ఉన్న లోయకి ఇంతవరకూ ఎవరూ బయల్దేరనేలేదు కానీ, ఒకడు మాత్రం అక్కడ అప్పుడే పద్నాలుగు సార్లు పడిపోయాడు.

"బావా, పోయినసారి బూటు లేసు తట్టుకుని పడ్డానన్నావు. లేసుల్లేని బూట్లు కొన్నాను. ఇవిగో, కాళ్ళకే ఉన్నాయి. అలవాటవ్వాలని నెల రోజుల్నించి దుకాణంలో కూడా వీటితోనే తిరుగుతున్నా. ఇంకా ఎందుకు పడ్డాను?"

"వాటికి పట్టీ ఉందా?"

"ఉంది."

"పట్టీకి ఇత్తడి బకిలు ఉందా?"

"ఉంటే?"

"ఎండ పడి మెరిసింది. కంచరగాడిద బెదిరింది. నిన్ను తోసింది."

"గాడిదని పన్నెండో రిపోర్టులోనే తీసేశాం కదా. సామాను మనమే మోసుకుందాం అనుకున్నాంగా."

"మన గాడిదని తీసేశాం. ఇది వెనకాల వస్తున్నవాళ్ళది."

"వెనకాల ఎవరొస్తున్నారు?"

"గుర్తు తెలియని యాత్రికులు."

"గుర్తు తెలియనివాళ్ళ గాడిద వచ్చి నన్నే ఎందుకు తొయ్యాలి?"

"మరెవర్ని తొయ్యమంటావు? ఎవడో ఒకడు పడాలి కదరా. ఎవరూ పడకపోతే రిపోర్టులో ఏం రాస్తాం? బయల్దేరారు, నడిచారు, తిరిగొచ్చారు అనా? మా పై ఆఫీసరు చూస్తే మొహాన కొడతాడు."

"ఇది నీ ఆఫీసు పని కాదు బావా. సరదాకి వెళ్తున్నాం."

"సరదాకి వెళ్ళినవాళ్ళ ఫైళ్ళే నా బల్ల మీద ఎక్కువ."

"పోనీ, ప్రతిసారీ పది నలభైకే ఏంటి? ఒక్కసారైనా భోంచేశాక పడకూడదా?"

"టైము కచ్చితంగా ఉండాలి. సుమారుగా అని రాస్తే తిప్పి పంపుతారు."

"ఎవరు తిప్పి పంపుతారు? ఈ రిపోర్టు చదివేది నేనొక్కణ్ణే."

"అలవాటురా. ఇరవై రెండేళ్ళ నించి అన్నీ అయిపోయాక వెళ్తున్నా. గోడ కూలాక, లిఫ్టు తెగాక, బాయిలరు పేలాక. ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, ముందే తెలిసుంటేనా సార్ అని. విని విని విసుగెత్తిపోయింది. అందుకే ఈసారి ముందే రాస్తున్నా. ప్రమాదమేదో ముందు కాగితం మీద జరిగిపోవాలి. కారణం ఏంటో పట్టుకోవాలి, దాన్ని పీకెయ్యాలి, మళ్ళీ రాయాలి. పీకడానికి ఒక్క కారణం కూడా మిగలని రోజున హాయిగా బయల్దేరాలి."

"ఆ రోజు ఎప్పుడొస్తుంది?"

"ఎంతో దూరం లేదు. మొదటి రిపోర్టులో నువ్వసలు దొరకనే లేదు, గుర్తుందా? నాలుగోదాంట్లో టోపీ దొరికింది. ఏడోదాంట్లో నువ్వే దొరికావు, కాకపోతే మాట్లాడలేదు. ఇప్పుడు చూడు, చీలమండ బెణికింది, అంతే. ఆర్నెల్లు కష్టపడితే ఇక్కడిదాకా వచ్చాం. ఇంకో రెండు నెలలివ్వు, కాలిగోరు చిట్లడంతో సరిపెట్టేస్తా."

"రెండు నెలలా? ఐదింటికి యాత్రల ఆఫీసు కౌంటరు మూసేస్తారు బావా. ఫారం ఇవ్వడానికి ఇవాళే ఆఖరు. పొద్దున్నించీ మొత్తుకుంటున్నా. నా పేరు రాసేశా, సంతకం పెట్టేశా. రెండో గడి ఖాళీగా ఉంది. ఇద్దరు లేకపోతే గైడు తీసుకెళ్ళడు. అక్కడ సంతకం పెట్టు, నీ రిపోర్టు తర్వాత తీరిగ్గా రాసుకుందువు."

"వచ్చే ఏడాది వెళ్దాం."

"వచ్చే ఏడాదికి ఆ లోయలోకి రోడ్డు పడిపోతుంది."

"మంచిదే కదా. కార్లో వెళ్ళొచ్చు, ఎవరూ పడరు."

"కార్లో వెళ్ళాలనుంటే నాకు ఆ లోయెందుకు? బావా, ఒక మాట విను. పొద్దున తొమ్మిదింటికి దుకాణం తీస్తా. అందులో అటు నాలుగడుగులు, ఇటు ఏడడుగులు. వచ్చినవాళ్ళందరికీ దూరం స్పష్టంగా కనబడేట్టు చేసి పంపిస్తా. నాకు కనబడేది మాత్రం ఎదురు గోడ మీది అక్షరాల పట్టిక. ఆఖరి వరస దాకా కంఠతా వచ్చు, కళ్ళు మూసుకుని చదువుతా. పందొమ్మిదేళ్ళయింది. నా చూపు బావుందో లేదో నాకే తెలీదు, అంతకంటే దూరం చూస్తే కదా. ఒక్క పన్నెండు రోజులు, ఎదురుగా గోడ లేనిచోట నడవాలనుంది. ఇది తప్పితే మళ్ళీ నావల్ల కాదు. నాకు తెలుసు."

"నేనేమన్నా వద్దన్నానా?"

"వద్దనలేదు. పద్నాలుగు సార్లు పడేశావు."

"నీ మంచికే."

"నా మంచికే సరే. ముందు మనం ఎనిమిది మందిమి కదా వెళ్దామనుకున్నది? ఆ మిగతా ఆరుగురూ ఏమైపోయారు?"

"వాళ్ళకేవో ఇబ్బందులొచ్చాయి."

"ఒక్కొక్కడి ఇంటికీ వెళ్ళి అడిగాను. అందరి దగ్గరా నీ రిపోర్టు కాపీ ఉంది."

"సాక్షులకి కాపీ పంపడం పద్ధతి."

"మా పక్క దుకాణం పుస్తకాలాయన మూడో రిపోర్టు చదివి మంచమెక్కాడు. అందులో నన్ను పట్టుకోబోయి ఆయన కూడా జారాడట."

"ఆయనకి ధైర్యం తక్కువ."

"గైడుకి కూడా పంపావా?"

"పంపాను. చాలా మర్యాదస్థుడు. వంతెన మీద మూడో పలక పుచ్చిపోయి ఉంటుందని రాశా కదా, వెళ్ళి చూశాట్ట. నిజంగానే పుచ్చిపోయి ఉందట. మార్పించేశాడు."

"మరింకేం. వంతెన బాగైపోయింది. ఇంకెలా పడతాను?"

"కొత్త పలక నున్నగా ఉంటుంది. జారుతుంది."

"అయ్యా బాబూ. సరే, పడ్డాను. నేను అలా పడుతున్నప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఎప్పుడు?"

"పది నలభైకి."

"అది తొమ్మిదో పేజీ అయ్యాక చూద్దాం."

"నా ముందున్నావా, వెనకున్నావా? చెయ్యి చాపితే అందేంత దూరంలోనేనా?"

"రాసేవాడు రిపోర్టులో ఉండడురా. అది నియమం. ముందు తొమ్మిదో పేజీ చూడు, సాక్షుల వాంగ్మూలాలు."

"సాక్షులు ఎవరున్నారక్కడ? గాడిదా?"

"మీ అక్క."

"అక్కా, మిషను ఆపు ఒక్క నిమిషం. నువ్వు నా గురించి వాంగ్మూలం ఇచ్చావా?"

"ఏంటి ఇచ్చింది? సరిగ్గా చెప్పు, దారం తెగుతుంది."

"ఇదిగో, చదువుతా విను. 'నా మనసు ముందునుంచీ కీడు శంకిస్తూనే ఉంది. మా తమ్ముడు చిన్నప్పటినుంచీ నిర్లక్ష్యం మనిషి. వెళ్ళవద్దని ఎంతో చెప్పాను, నా మాట చెవిన పెట్టలేదు.' కింద నీ పేరుంది."

"నేనెప్పుడన్నాను వెళ్ళొద్దని?"

"ఇంకా అనలేదు. ఐదో రోజు తర్వాత అంటావు."

"ఏవండీ, నా నోట్లో మాట నాకంటే ముందు మీకెలా తెలుసు?"

"అందరు సాక్షులూ అదే అంటారు. ఇరవై రెండేళ్ళుగా వింటున్నా. భార్య అయినా, అక్క అయినా, వాచ్‌మన్ అయినా."

"వాచ్‌మన్‌తో పాటు నన్నూ కలిపారా. సరే, ఏడ్చానా?"

"రెండు వాక్యాలు."

"రెండే వాక్యాలా? మా అక్క నా కోసం రెండే వాక్యాలు ఏడ్చిందా?"

"చీలమండకి ఎంత ఏడుస్తార్రా? మొదటి రిపోర్టులో పేజీన్నర ఏడ్చింది."

"ఉండరా తమ్ముడూ, నన్నడగనీ. ఆ పది నలభైకి నేనెక్కడున్నానట?"

"ఇంట్లోనే."

"ఇంట్లో ఎక్కడ?"

"కిటికీ దగ్గర కూర్చున్నావు."

"కూర్చుని?"

"ఎదురుచూస్తున్నావు."

"ఎప్పట్నించి?"

"వాడు బయల్దేరినప్పట్నించి."

"ఐదు రోజులూ కిటికీ దగ్గరేనా? మధ్యలో లేవనే లేదా? అన్నం తినలేదా, స్నానం చెయ్యలేదా? ఈ కర్టెన్లు ఎవరు కుట్టారు మరి?"

"అవన్నీ రిపోర్టుకి అవసరం లేదు."

"మిగతా రిపోర్టులు ఇటివ్వండి. అన్నీ. మొదటిదాంట్లో కిటికీ. రెండోదాంట్లో కిటికీ. ఆరోదాంట్లోనూ కిటికీనే. వీడికి బూట్లు మారాయి, గాడిద మారింది, పలక మారింది. పద్నాలుగు రిపోర్టుల్లో నన్ను కనీసం వంటింట్లోకి కూడా పంపలేదేం?"

"నీకే ప్రమాదమూ లేదు కదా. మార్చడానికి కారణం కనబడలేదు."

"కనబడలేదా."

"కోపం వచ్చిందా?"

"రాలేదు. చదవనివ్వండి."

"అక్కా, టైము మూడున్నర. బస్సులో వెళ్ళినా కౌంటరుకి గంట పడుతుంది. ముందు బావ చేత సంతకం..."

"ఆగరా. ఈ పదో పేజీలో ఏదో రాశారు. 'కింద పడిన వ్యక్తిని అటుగా వెళుతున్న గొర్రెల కాపరి లేవనెత్తి కూర్చోబెట్టెను.' గొర్రెల కాపరి ఎందుకు లేపాలి? మీరు పక్కనే ఉంటారు కదా."

"నేను చెప్పా కదే, రాసేవాడు..."

"రాసేవాడు రిపోర్టులో ఉండడు, విన్నాను. వంతెన దగ్గరైనా ఉంటాడా ఉండడా?"

"గొర్రెల కాపరులు మంచివాళ్ళు. ఆ దారి వాళ్ళకి బాగా అలవాటు."

"సామాను జాబితా చూడు తమ్ముడూ. స్లీపింగ్ బ్యాగు ఒకటి. టార్చి ఒకటి. పళ్ళెం ఒకటి, కప్పు ఒకటి. మీరిద్దరూ ఒకే బ్యాగులో పడుకుంటారా?"

"లేదక్కా, అన్నీ రెండేసి కొన్నాం. నేనే తెచ్చాను. కప్పులు ఎరుపొకటి, నీలమొకటి. బావ నీలం తీసుకున్నాడు. ఏం బావా?"

"అది వేరే జాబితా."

"ఏ జాబితా?"

"తర్వాత రాస్తా దాన్ని. ఒరేయ్, నీకు మంచినీళ్ళు కావాలా? గొంతు ఆరిపోయినట్టుంది."

"నాకేం వద్దు. ఫారంలో నీ సెలవు తేదీలు రాయాలి, అవి చెప్పు. సెలవు దొరికిందన్నావు కదా వారం కిందట."

"దొరికింది."

"ఏ రోజునించి?"

"కాగితం ఆఫీసులో ఉండిపోయింది."

"లేదురా, ఇక్కడే ఉంది. పద్నాలుగో రిపోర్టు వెనకాల పిన్ను కొట్టి పెట్టారు. నువ్వే చదువు."

"ఇటివ్వక్కా. పదిహేను రోజులు పెడతానన్నావు, ఇందులో ఏడే ఉన్నాయి. పోనీలే, నాకంటే ముందే తిరిగొచ్చేద్దువు. పదహారో తారీకు నించి... బావా, పదహారేంటి? మనం నడక మొదలెట్టేది పదకొండున."

"ఊఁ."

"పదకొండు ఒకటో రోజు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పదిహేను ఐదో రోజు. పదహారంటే..."

"ఆరో రోజు."

"నీ సెలవు ఆరో రోజునించా?"

"కారణం కూడా రాసుంది చదువు తమ్ముడూ."

"'సంఘటనా స్థల పరిశీలన నిమిత్తం.' బావా."

"అలా చూడకురా."

"అంటే నువ్వు రావట్లేదా?"

"రాకపోవడమేంటి? వస్తాను. వచ్చే ఏర్పాటు అంతా చేసుకున్నా."

"నేను పడ్డాక వస్తావా?"

"మర్నాడే బయల్దేరతా. మందులు, కట్టు కట్టే గుడ్డ, అన్నీ తెస్తా."

"మరి ఈ గడిలో సంతకం?"

"పెట్టేవాణ్ణే. బయల్దేరే రోజు పొద్దున నడుం పట్టేసిందని చెబుదామనుకున్నా."

"రెండో మనిషి లేకపోతే గైడు నన్ను కూడా అక్కడే ఆపేస్తాడు కదా."

"ఆ సంగతి... ఆ కారణం నాకు తట్టలేదురా. పద్నాలుగు సార్లు రాశాను, అదొక్కటీ తట్టలేదు."

"ఆర్నెల్లు, బావా. ఆర్నెల్లు నువ్వు పక్కనుంటావని అనుకుంటూ పడ్డాను. అందుకే పడుతూ కూడా భయమెయ్యలేదు."

"నిన్నొక్కణ్ణీ వదిలెయ్యలేదు. గొర్రెల కాపరితో మాట్లాడించా. నిజంగానే ఉన్నాడక్కడ ఒకాయన. గైడు ద్వారా కబురు పెట్టా. ఐదో రోజు పది నలభైకల్లా గొర్రెల్ని తోలుకుని వంతెన దగ్గరికొస్తానన్నాడు."

"గొర్రెల కాపరికి అపాయింట్‌మెంట్ ఇచ్చారా మీరు?"

"నవ్వకే."

"నవ్వట్లేదు. చెప్పండి, ఎందుకిలా చేశారు? వీడు మీకు కానివాడా?"

"కానివాడైతే ఒక్క రిపోర్టుతో సరిపెట్టేవాణ్ణి. నేను... ఎలా చెప్పను. అయిపోయిన చోటికి వెళ్ళడం నాకు తెలుసు. అక్కడ అన్నీ ఎక్కడివక్కడ పడుంటాయి. ఇంకేం జరగదు. టేపు తీసుకుని కొలుచుకోవచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. ఇంకా ఏమీ జరగని చోట ఎలా నిలబడాలో నాకు తెలీదు. భయమేస్తుంది. అదీ సంగతి. మన పిల్ల మొదటిసారి సైకిలు తొక్కినప్పుడు కూడా నేను ఇంట్లోకెళ్ళి తలుపేసుకున్నా. అది కింద పడిందని విన్నాకే బయటికొచ్చాను. నీకు గుర్తుండే ఉంటుంది."

"గుర్తుంది. ఆ సైకిలు వెనక పరిగెత్తింది నేనే కదా."

"వాడికి చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నా. ప్రతిసారీ ఇంకో రిపోర్టు రాసుకొచ్చా."

"బావా, ఒకమాట చెప్పు. వంతెన నిజంగా అంత ప్రమాదమా?"

"పొడవు పది అడుగులుంటుందిట. వాగు మోకాల్లోతు. రోజూ బడిపిల్లలు దాటుతారని గైడు చెప్పాడు."

"బడిపిల్లలా."

"ఊఁ."

"సర్లే. ఈ ఫారం చింపేస్తున్నా. గోడ మీది అక్షరాలు ఎక్కడికీ పోవు."

"చింపితే చేతులు విరగ్గొడతా. ఇటివ్వు."

"నీకెందుకక్కా?"

"పెన్నివ్వు. రెండో గడి ఎక్కడుంది? ఇదా? వయసు, రక్తం గ్రూపు, ఆపదొస్తే కబురు చెయ్యాల్సిన మనిషి. ఇంతేనా?"

"అక్కా, పన్నెండు రోజులు నడవాలి."

"మిషను ముందు రోజుకి పదిగంటలు కాళ్ళాడిస్తా. అదంతా కలిపితే మీ లోయ దాటి అవతల దేశంలో తేలేదాన్ని. బూట్లు ఎక్కడ కొన్నావో చెప్పు, దారిలో ఆగి తీసుకుందాం. ఆ నీలం కప్పు నాకియ్యి."

"ఏంటే ఇది? తమాషాగా ఉందా? నీ గురించి నేను ఒక్క ముక్క రాయలేదు. నువ్వు ఎక్కడ జారతావో, ఏ గాడిద తోస్తుందో, ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. పెళ్ళయ్యాక మొదటిసారి నేనేం చేస్తానో మీరు ముందే రాసి పెట్టలేదు. బావుంది నాకు."

"బావా, సంతకం పెట్టేసింది."

"కనబడుతోందిరా."

"రక్తం గ్రూపు కూడా రాసేసింది. పద అక్కా, నాలుగు కావస్తోంది. బస్సు దొరకదు, ఆటోలో పోదాం."

"ఒక్క నిమిషం. ఆ కర్టెన్లు మడతపెట్టి అవతల వీధి డాక్టరుగారింటికి మీరు ఇచ్చెయ్యండి. రెండో కర్టెను అంచు ఇంకా కుట్టలేదని చెప్పండి."

"ఒసేయ్, నిజంగానే వెళ్తావా? మరి నేను?"

"సెలవు ఎలాగూ దొరికింది కదండీ. మీరు ఆరో రోజు రండి."